మూడు వైపులే నల్ల గీత

"ఇంకెంతసేపమ్మా? నేను మొహం కడుక్కోవాలా వద్దా?"

"వంటింట్లో కడుక్కో."

"వంటింట్లో నానమ్మ పళ్ళు తోముకోనివ్వదు."

"తోముకోనిస్తానా మరి! గిన్నెలు కడిగే చోట ఉమ్ముతానంటే వీపు చిట్లగొడతా," అని అటువైపు నుంచి అత్తగారి గొంతు. "అయినా దాన్ననేం లాభం? మనుషుల్ని బయట నిలబెట్టి కాగితాలకి స్నానాలు చేయించే ఇల్లు ఊరు మొత్తమ్మీద మనదొక్కటే."

స్నానాల గది తలుపు లోపల గడియ వేసి ఉంది. కిటికీకి నల్ల దుప్పటి. ఎర్ర బల్బు వెలుగులో, ప్లాస్టిక్ పళ్ళెంలోని మందునీళ్ళ అడుగున, తోపుడుబండి మీద గొడుగు సరిచేసుకుంటున్న ఒక మనిషి ముఖం మెల్లగా పైకి తేలుతోంది. ఫోటోగ్రాఫర్ పట్టకారుతో కాగితాన్ని అటూ ఇటూ ఆడిస్తూ, "రెండే రెండు నిమిషాలు," అంది.

"నీ రెండు నిమిషాల సంగతి మాకు తెలుసు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగంలో చేరి, రిటైరు కూడా అయిపోతాను. తలుపు తీసేస్తున్నా, ఇక నీ ఇష్టం!"

"తీశావంటే ఈయన నల్లగా మాడిపోతాడు. తర్వాత ఆయనకి నువ్వే సమాధానం చెప్పుకోవాలి."

మామూలు రోజుల్లో అయితే ఈ పాటికి ముందుగదిలోంచి భర్త గొంతు వినిపించేది. 'రిటైరయ్యాకైనా స్నానం చెయ్యవే చంటీ,' అనో, 'మీ అమ్మ నన్ను కూడా ఓసారి ఆ మందులో ముంచితే మొహం తేటపడుతుందేమో అడుగు,' అనో ఏదో ఒకటి అనేవాడు. ఫ్రేముల షాపు ఆ ముందుగదే. ఇంట్లో జరిగే ప్రతి మాటా అక్కడికి వినపడుతుంది, అక్కణ్ణుంచి ప్రతి మాటకీ జవాబు వస్తుంది.

ఇవాళ రాలేదు. రంపం చప్పుడు కూడా లేదు.

నిన్న సాయంత్రం నుంచి ఇంతే. శనివారం గ్రంథాలయం పై అంతస్తు హాల్లో ఆమె ఫోటోల ప్రదర్శన. ఇన్నేళ్ళకి ఆమె వీధి ఫోటోల్ని పదిమంది వచ్చి చూసే రోజు. వాటికి మందపాటి అట్టల్లో ఫోటో కనపడేంత కిటికీలు కోసి, చట్రాలు బిగించే పని అతను సంబరంగా నెత్తికెత్తుకున్నాడు. వరసగా కోస్తూ కోస్తూ ఒక ఫోటో దగ్గర ఆగాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. స్కేలు పెట్టాడు. తర్వాత ఆ ఫోటోని సొరుగులో పడేసి తాళం వేసి, పోసి ఉంచిన టీ తాగకుండానే బయటికి నడిచాడు. అప్పట్నుంచి అతను ఇంట్లో మాట్లాడినవి ఉప్పు అందించు, ఫ్యాను కట్టెయ్యి లాంటి మాటలే.

ఎందుకో ఆమెకి తెలుసు. ఆ ఫోటోలో తను చేసిన పని తనకి తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆమె ఒకప్పుడు స్టూడియోలో పనిచేసింది. ఫోటోల మీద సన్నటి కుంచెతో ముడతలు తుడవడం, పుట్టుమచ్చలు చెరపడం, మెల్లకళ్ళు సరిచేయడం ఆమె పని. ఒకసారి ఒకావిడ తన ఫోటో తీసుకుని, చాలాసేపు చూసి, "బాగుందమ్మా, కానీ ఇదెవరు?" అని నిజంగానే అడిగింది. ఆ నెల జీతం తీసుకున్నాక ఆమె మళ్ళీ కుంచె ముట్టుకోలేదు. అప్పట్నుంచి పొద్దున్నే పాత కెమెరా మెడలో వేసుకుని వీధుల్లోకి వెళుతుంది. ఎవర్నీ ఇటు చూడమనదు, నవ్వమనదు, నిలబడమనదు. తీసింది కత్తిరించదు. నెగటివ్‌ని పెట్టే ఇనుప చట్రాన్ని ఆకురాయితో తనే కాస్త వెడల్పుగా అరగదీసుకుంది. అందువల్ల బొమ్మ చుట్టూ నాలుగు వైపులా సన్నటి నల్ల గీత పడుతుంది. బొమ్మ అంచుదాకా మొత్తం ఉందని, పక్కనుంచి ఏమీ తీసెయ్యలేదని ఆ గీతే సాక్ష్యం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గీత చూపిస్తుంది. అత్తగారికి కూడా ఆ ఉపన్యాసం కంఠతా వచ్చు.

చంటికి స్నానాల గది అప్పగించి, చేతులు కడుక్కుని ఆమె షాపులోకి వెళ్ళింది.

గోడకి ఆనించిన చెక్క పట్టీల మధ్య అతను బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

"కూర్చో," అన్నాడు.

ఆ గదిలో ఆ మాట కొనడానికి వచ్చినవాళ్ళతో అనేది. ఆమె కూర్చోలేదు.

అతను సొరుగు తాళం తీసి, ఆ ఫోటోని ఇంకో ఫోటో పక్కన పెట్టాడు. "దీనికి గీత ఎన్ని వైపులుంది?"

"నాలుగు."

"దీనికి?"

ఆమె బల్ల మీది చెక్కపొట్టుని వేలితో పక్కకి నెట్టింది.

"వచ్చినవాళ్ళందరికీ చూపిస్తావుగా, నాక్కూడా చూపించు. కుడి పక్క గీతేది?"

"కాగితం పట్టే చట్రం పక్కకి జరిగినట్టుంది. చీకట్లో చూసుకోలేదు."

ఆ అబద్ధం ఆమె చెవికే పేలవంగా వినిపించింది. అతను చిన్నగా నవ్వాడు. సంతోషం లేని నవ్వు.

"జరిగితే వంకరగా పోతుంది. ఇది స్కేలు పెట్టినట్టు తిన్నగా పోయింది. రెండు వేళ్ళ మేర బొమ్మే లేదు. అంచు కోస్తే అక్కణ్ణుంచి అబద్ధం మొదలైనట్టేనని నువ్వే చెప్పావు. విని విని నాకు వంటబట్టింది. నీకే వంటబట్టలేదు."

"ఏవండీ, శనివారం దాకా ఆగండి. తర్వాత నేనే చెప్తాను."

"ఎవరున్నారక్కడ?"

"ఎవరో."

"ఎవరో అయితే కోయడం దేనికి? నీ ఫోటోల నిండా ఉండేది ఎవరెవరోనే కదా! ముక్కూమొహం తెలియనివాళ్ళు ముక్కు చీదుకుంటున్నా కొయ్యవు. ఎవరో కాదు గనకే కోశావు." అతను గొంతు తగ్గించాడు. "నెగటివ్ చూద్దామనుకున్నా. పెట్టెలో ఆ ముక్క ఒక్కటే లేదు."

"నా పెట్టె వెతికారా?"

"నువ్వు దాచావా?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే.

"ఏళ్ళ తరబడి పొద్దున లేస్తే బస్టాండేగా నీకు," అన్నాడు. "ఈ నెలలో ఒక్కసారి అటు వెళ్ళలేదు. ఎందుకంటే వెలుతురు బాలేదన్నావు. ఏం, సూర్యుడు దారి మార్చుకున్నాడా?"

"మీరనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు? అంటే అనుకోడానికి ఏదో ఉందన్నమాట."

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఒకాయన కాగితంలో చుట్టిన పెద్ద ఫోటోతో లోపలికి వచ్చాడు. ఏదో కుటుంబం మొత్తం మెట్ల మీద వరసలు కట్టి దిగిన ఫోటో. మంచి చెక్క వెయ్యమన్నాడు, అద్దం మెరవకూడదన్నాడు. చివరికి కాస్త మొహమాటపడుతూ ఎడమ పక్క చివర నిలబడ్డ మనిషి మీద వేలు పెట్టాడు.

"ఈయన మా చిన్న బావమరిది. ఇప్పుడు మాకు మాటల్లేవు. ఫోటో కొయ్యకుండానే, మీ అట్ట కిందకి వెళ్ళిపోయేట్టు చూడగలరా?"

"దానికేముంది, చేసేద్దాం," అన్నాడు భర్త అలవాటుగా.

"రేపెప్పుడైనా మాటలు కలిస్తే?"

"అట్ట కాస్త వెడల్పుగా కోస్తే సరి, మళ్ళీ బయటికొస్తాడు."

ఆయన సంతోషపడి వెళ్ళిపోయాడు. ఆమె భర్త వంక చూసింది. అతనికి ఆ చూపు అర్థమైంది.

"అలా చూడకు. వాళ్ళ బావమరిది, వాళ్ళ గోడ. నేనెప్పుడూ ఎవరికీ నల్ల గీతల కథలు చెప్పలేదు," అని ఫోటోని మళ్ళీ సొరుగులో పెట్టి తాళం తిప్పాడు.

ఆమె ఇంట్లోకి వచ్చి, మంచం మీద ఉతికిన బట్టల కుప్ప ముందేసుకుని మడతలు పెడుతూ కూర్చుంది. చేతులు దుప్పటిని మడత మీద మడత పెడుతున్నా, మనసు నెల కిందటి ఒక తడిసిన పొద్దుటి మీదే ఉంది.

వాన అప్పుడే వెలిసింది. బస్టాండులో ఒక కండక్టరమ్మ, భుజాన టికెట్ల సంచీ, చేతిలో డబ్బా, నిలబడే గబగబా తింటోంది. ఎక్కణ్ణుంచో ఒక తడి కుక్కపిల్ల వచ్చి ఆమె బూటు మీద ముందుకాళ్ళు రెండూ పెట్టి, పైకి చూసింది. బుగ్గనిండా ముద్దతో కండక్టరమ్మ ఫక్కున నవ్వింది. వెనక నిలబడ్డవాళ్ళంతా బస్సు వచ్చే దిక్కుకే చూస్తున్నారు. ఆ నవ్వు వాళ్ళెవరికీ తెలీదు. ఫోటోగ్రాఫర్ బటన్ నొక్కింది. అలాంటిది ఏడాదికొకటి దొరికితే ఎక్కువ.

కుడివైపు బెంచీని ఆమె అప్పుడు చూడనే లేదు. చూసింది ఎర్ర బల్బు కింద. కండక్టరమ్మ తేలింది, కుక్కపిల్ల తేలింది, తర్వాత కుడి అంచున ఒక శాలువా తేలింది. ఆ శాలువా తనే కొన్నది. శాలువాలో అత్తగారు. ఆవిడ చేతిలో సగం ఒలిచిన నారింజ. ఒక తొన అందుకోడానికి చెయ్యి చాపుతున్న మనిషికి జుట్టు సగం నెరిసింది. బావగారు.

అన్నదమ్ములకి మూడేళ్ళుగా మాటల్లేవు. మామగారిని ఆస్పత్రిలో చేర్చినప్పుడు భర్త సరుకు కోసం వేరే ఊరెళ్ళాడు. అతను తిరిగొచ్చేలోపు ఆపరేషన్‌కి పెద్దకొడుకు ఒప్పుకున్నాడు. మామగారు ఆ గదిలోంచి ప్రాణంతో బయటికి రాలేదు. "నన్నడక్కుండా నాన్నని చంపేశావు," అన్నాడు భర్త, ఆస్పత్రి వరండాలో అందరిముందూ. బావగారు నేనే ఒప్పుకున్నానని మాత్రం అన్నాడు. ఆ తర్వాత, ఆయనతో మాట్లాడినవాళ్ళెవరూ తనకేమీ కారని భర్త ఇంట్లో తేల్చి చెప్పాడు. అత్తగారితో సహా అందరూ తలూపారు.

ఆ అత్తగారే మోకాళ్ళకి వ్యాయామం చేయిస్తారని చెప్పి, వారంలో రెండు మూడుసార్లు పొద్దున్నే చేతిసంచీ పట్టుకుని బయల్దేరేది.

ఆ ఫోటో పక్కన పడేస్తే పోయేది. అది ఆమెకి చేతకాలేదు. అంత బాగా వచ్చిన ఫోటో ఆమె దగ్గర ఇంకోటి లేదు. ఫోటో వేసేటప్పుడు కాగితాన్ని పట్టి ఉంచే చట్రం రెక్కని రెండు వేళ్ళ మేర లోపలికి జరిపి, బెంచీ లేకుండా ఇంకో కాగితం మీద వేసింది. గ్రంథాలయం మేడమ్ ఆ కాగితాన్ని చూసి, అదే ఆహ్వానపత్రం మీద అచ్చు వేయించింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

అసలు తనని తినేస్తున్నది అబద్ధం కాదు, ఆ బెంచీ మీద అత్తగారి ముఖం. ఆవిడ నోరంతా తెరిచి నవ్వుతోంది. పక్కన ఊడిపోయిన పన్ను కూడా కనపడేంత నవ్వు. మామగారు పోయాక ఈ ఇంట్లో ఆవిడ అలా నవ్వడం కోడలు చూడలేదు. అంత నవ్వు అక్కడ ఉన్నప్పుడు, ఇక్కడ ఉన్నది ఏమిటి? కొడుకుతో ఏం మాట్లాడుతుంది? ఈ ఇంటి సంగతులేనా? ఒకరోజు సంచీ తీసుకుని వెళ్ళి మళ్ళీ రాదా?

అప్పట్నుంచి ఆమె అత్తగారిని కనిపెట్టడం మొదలుపెట్టింది. ఏ పొద్దున బయల్దేరింది, సంచీ బరువుగా ఉందా తేలిగ్గా ఉందా, తిరిగొచ్చాక వేళ్ళ దగ్గర నారింజ వాసన వస్తోందా. వీధిలో వెయ్యిమందిని చూసినా ఆమెకి ఎప్పుడూ తప్పనిపించలేదు. అక్కడ ఎవరి నుంచీ ఏదీ రాబట్టాలని చూడదు. ఇంట్లో చూస్తున్న చూపు అది కాదని ఆమెకి తెలుసు. తెలిసీ మానలేకపోయింది.

ఆ ఇంట్లో చీకటి పడకముందే భోజనాలు కానిచ్చేస్తారు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నాక భర్త లేచి షాపులోకి వెళ్ళి, ఆ ఫోటో తెచ్చి నీళ్ళ జగ్గుకి ఆనించాడు.

"అమ్మా, ఇంట్లో పెద్దదానివి నువ్వు. నువ్వే తేల్చు," అన్నాడు. "కోడలుగారు ఈ ఫోటోలోంచి ఒక మనిషిని కోసేసింది. ఎవరని అడిగితే శనివారం దాకా ఆగాలట. నెగటివ్ కూడా దాచేసింది. అంత దాచాల్సిన మనిషెవరో నువ్వడుగు."

"నేనే అయ్యుంటాను నాన్నా," అంది చంటి, కూర కలుపుకుంటూ. "క్లాసు ఎగ్గొట్టి బస్టాండులో తిరుగుతుంటే అమ్మకి దొరికిపోయుంటా."

"ఎగ్గొట్టావా?"

"ఉదాహరణకి చెప్తున్నా!"

"ఉదాహరణలు తర్వాత. అన్నం తిను."

"చంటి ముందా ఈ మాటలు?" అంది ఆమె భర్తతో, మెల్లగా.

"చంటి చూడకూడనిది ఏదైనా ఉందా అందులో?"

చంటి నవ్వు ఆగిపోయింది. తల్లి వంక చూసింది, తండ్రి వంక చూసింది, తర్వాత కంచంలోకి చూసుకుంది.

అత్తగారు ఎడమచేత్తో కళ్ళజోడు పెట్టుకుని ఫోటోని దగ్గరికి జరుపుకుంది. చాలాసేపు చూసింది.

"ఈ కుక్కపిల్లకి ఒక కాలు కుంటి," అంది చివరికి. "ఆ కండక్టరు పిల్ల డబ్బాలోంచి ఒక ముద్ద తీసి కింద పెట్టింది. అది తినేసి ఊరుకుందా! ఆవిడ వెనకాలే బస్సెక్కబోయింది. డ్రైవరు దించేస్తే మళ్ళీ ఎక్కింది. జనం ఒకటే నవ్వు."

భర్త ఫోటో వంక చూశాడు. అందులో బస్సు లేదు, డ్రైవరు లేడు, ముద్ద కింద పెట్టడం లేదు.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

అత్తగారు కళ్ళజోడు తీసి కోడలి వంక తిరిగింది. "నా వెనకాల వచ్చావా, అమ్మాయ్?"

"లేదత్తయ్యా! మీరక్కడ ఉన్నారనే నాకు తెలీదు. నేను చూసింది కండక్టరమ్మని. ఫోటో వేసేదాకా మీరు కనపడలేదు."

"వేశాక కనపడ్డానుగా. అందుకా నెలనుంచీ నా సంచీ వంక చూస్తున్నావు? వంటింట్లో ఏ డబ్బానో, గరిటో పోయి నామీద అనుమానపడుతున్నావేమోనని నేను కుమిలిపోయాను. ఒకరోజు నువ్వు చూసేట్టు సంచీ మొత్తం బల్ల మీద బోర్లించాను కూడా. గుర్తుందా?"

ఆమెకి గుర్తుంది. రుమాలు, దువ్వెన, ఒక నారింజ. ఆ నారింజనే చూసింది తను.

"అమ్మా," అన్నాడు భర్త. "నీతో ఎవరున్నారు?"

"నీకు తెలియకనా అడుగుతున్నావు?"

"నీ నోటితో చెప్పు."

"మీ అన్న."

చంటి గబుక్కున నీళ్ళ గ్లాసు అందుకుంది. భర్త కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఎటూ పోలేదు, అక్కడే నిలబడ్డాడు.

"అయితే మోకాళ్ళ వ్యాయామం?"

"మోకాళ్ళు ఎప్పుడో తగ్గాయి. బస్టాండుదాకా నడిచి నడిచే తగ్గాయి."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి ఇల్లంతా నవ్వేది.

"మూడేళ్ళు నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని తింటూ..." అతను మాట పూర్తి చెయ్యలేక భార్య మీదకి తిరిగాడు. "నువ్వు కూడా! నెలరోజులు తోడుదొంగలా నోరు మూసుకుని కూర్చున్నావు. నేను నిన్నట్నుంచీ ఏమేం ఊహించుకుని చచ్చానో తెలుసా నీకు?"

"తెలుసు," అంది ఆమె. "తెలిసే ఊరుకున్నాను. నా గురించి మీరు ఎంత చెడ్డగా అనుకున్నా, ఏదో ఒకరోజు నిజం చెప్పుకోవచ్చు. ఇది తెలిస్తే అత్తయ్యని మీరు ఏమంటారోనని భయపడ్డాను."

"అందుకని నన్ను కోసేశావా?"

అడిగింది భర్త కాదు, అత్తగారు.

"మీకోసమే అత్తయ్యా..."

"నన్నడిగావా?" ఆవిడ కోపంగా లేదు. అందుకే వినడానికి ఇంకా కష్టంగా ఉంది. "రోడ్డు మీద ఎవరైనా వద్దంటే వాళ్ళ నెగటివ్ వాళ్ళ చేతిలో పెట్టేస్తానని ఊరందరికీ చెప్తావు. ఆమధ్య ఒక చెప్పులు కుట్టేవాడికి అలా ఇచ్చేసి ఇంటికొచ్చి బాధపడ్డావు కూడా. దారినపోయే వాడికిచ్చిన మర్యాద నాకివ్వలేదేం? ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది? అడగలేదు. కోసేసి, కాపాడాననుకున్నావు."

ఆమె స్టూడియోలో మచ్చలు చెరిపే రోజుల్లో కూడా ఎవర్నీ అడిగేది కాదు. వాళ్ళ మంచికే కదా అనుకునేది.

లేచి లోపలికి వెళ్ళింది. బీరువాలో తన స్వెటర్ మడతల్లో దాచిన నెగటివ్ ముక్క తెచ్చి, అత్తగారి కంచం పక్కన పెట్టింది.

"ఇప్పుడు అడుగుతున్నాను," అంది. "ఇది మీది. ముక్కలు చేసి పారేసినా సరే. అప్పుడు ఆహ్వానం కార్డు మీద అచ్చయినా, శనివారం ఆ చోటు ఖాళీగా వదిలేస్తాను. వెయ్యమంటే మొత్తంగానే వేస్తాను. మీ ఇద్దరూ లేకుండా మాత్రం ఇక వెయ్యను."

"ఆ ఫోటో నా షాపులోంచి బయటికి పోదు," అన్నాడు భర్త. "మూడు గీతలతోనూ పోదు, నాలుగు గీతలతోనూ పోదు. ఆ మనిషికి నేను చట్రం కట్టను."

అత్తగారు అతని మాట విననట్టే, చెయ్యి తుడుచుకుని నెగటివ్ ముక్కని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని లైటు వైపు ఎత్తింది.

"ఇదేంటి, అంతా తిరగబడి ఉంది. నా పళ్ళు నల్లగా ఉన్నాయి."

"కాగితం మీద వేస్తే తెల్లగా వస్తాయి నానమ్మా," అంది చంటి, వినీవినపడనట్టు.

"నవ్వుతున్నానా ఇందులో?"

"నవ్వుతున్నారు," అంది కోడలు.

"ఇంత నోరు తెరిచా?"

"అంత నోరూ తెరిచే."

ఆవిడ ఇంకాసేపు చూసింది. ఆ ముక్కలో తన వేలిగోరంత కూడా లేని ఆ మొహంలో ఏం వెతుక్కుందో ఎవరికీ అర్థం కాలేదు. నెగటివ్ని కోడలి చేతికిచ్చింది.

"వెయ్యి. బెంచీ మొత్తం రావాలి."

"నేను చెప్పింది నీకు వినపడలేదా అమ్మా?"

"వినపడింది చిన్నా. కూర్చో. నువ్వు వినాల్సింది ఒకటుంది."

అతను కూర్చోలేదు. ఆవిడ రెండోసారి అడగలేదు.

"ఆ రోజు డాక్టరు బయటికొచ్చి ఇప్పుడే చెయ్యాలి, ఏమంటారన్నాడు. తమ్ముడు దార్లో ఉన్నాడు, వచ్చేదాకా ఆగుదామమ్మా అని మీ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నేనే ఆగలేదు. లోపల మీ నాన్న మూలుగు వినలేక, చెయ్యండి బాబూ అన్నాను. ఆ మాటన్నది నేను. నువ్వొచ్చి వరండాలో అరుస్తుంటే, వాడు నాకంటే ముందు అడుగేసి, నేనే ఒప్పుకున్నానన్నాడు. అప్పుడు నేను నోరు తెరవాల్సింది. భయమేసింది. ఆయన పోయిన రోజే నువ్వు కూడా నన్ను కాదంటావేమోనని భయమేసింది. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

భర్త చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. "అబద్ధం," అన్నాడు. "వాడు నేర్పిన మాటలివి. బెంచీ మీద కూర్చోబెట్టి నీకు ఇదంతా నేర్పాడు."

"చెప్పొద్దన్నది వాడే. కలిసిన ప్రతిసారీ అదే మాట. తమ్ముడికి నన్ను తిట్టుకోవడం అలవాటైంది, నిన్ను తిట్టుకోవడం వాడు తట్టుకోలేడమ్మా అంటాడు."

అతను తల్లి మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. నమ్మాడో, నమ్మడం ఇష్టం లేక చూస్తున్నాడో, ఆమెకి అంతుపట్టలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అతని మొహం చదవలేకపోవడం ఆమెకిదే మొదటిసారి. చంటి చెయ్యి బల్ల కింద నుంచి వచ్చి తల్లి చేతిని పట్టుకుంది.

అత్తగారు తన కంచంలో మిగిలిన రెండు ముద్దలూ తినేసింది. నీళ్ళు తాగింది. నలుగురికీ వినపడేంత మాత్రమే గొంతు చేసుకుని చెప్పింది.

"రేపు నేను పెద్దాడి దగ్గరికి వెళుతున్నాను. మోకాళ్ళ పేరు చెప్పి కాదు, వాడి దగ్గరికనే చెప్పి వెళుతున్నాను. శనివారం పొద్దున వాణ్ణి ఈ ఇంటికి రమ్మంటాను. తలుపు తీసి ఉంటే, అందరం కలిసి ఆ ఫోటో చూడ్డానికి వెళదాం. వేసి ఉంటే, నా బట్టలు తీసుకుని గుమ్మంలోంచే వాడితో వెళ్ళిపోతాను."